మూడో నంబరు

కంప్యూటర్‌లో అడ్మినిస్ట్రేటర్ వాడే పనిముట్లను మామూలు మనుషులు వాడే ఆదేశాలతో కలపకుండా వేరే అరలో ఎందుకు పెట్టాలి అని రెహానా అడిగింది. అడిగింది జకరయ్య మాస్టారిని. చీరాలలో ఒక బట్టల కొట్టు పైన రెండు గదులు అద్దెకు తీసుకుని ఆయన యూనిక్స్ నేర్పుతారు. అంతకుముందు ఇరవై ఆరేళ్ళు ఒక విద్యుత్ సంస్థలో కంప్యూటర్ విభాగం చూశారు. ఎందుకు అని అడిగితే ఆయన కారణం చెప్పరని పాత విద్యార్థులందరికీ తెలుసు. కుర్చీని స్క్రీన్ వైపు నుంచి పక్కకు తిప్పుకుని, ఎక్కడో ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి మొదలుపెడతారు. అది అడిగినదానికి జవాబు అవునో కాదో తేల్చుకోవడం విన్నవాళ్ళ పని.

రెహానా ప్రశ్న ఊసుపోక అడిగింది కాదు. ఆమె ఒక ప్రైవేటు ఆస్పత్రిలో మూడేళ్ళుగా కంప్యూటర్లు చూస్తోంది, ఆదివారాలు మాత్రం క్లాసుకు వస్తోంది. ప్రింటర్ ఆగినా, ల్యాబ్ సర్వీసు పడుకున్నా వార్డుల నుంచి ఆమెకే ఫోన్లు. విసిగిపోయిన మేనేజరు అన్ని ఆదేశాలూ అందరి స్క్రీన్ల మీదా కనపడేలా చేసెయ్యమన్నాడు. సోమవారం ఆ పని చేయాలి. చేయడం తప్పని ఆమెకు అనిపించలేదు. యంత్రంలో ఆదేశాలు అరల్లో ఉంటాయి. అందరికీ పనికొచ్చేవి బిన్ అనే అరలో, యంత్రాన్ని ఆపడం, డిస్కు తుడిచెయ్యడం, సర్వీసులు లేపడం లాంటివి ఎస్‌బిన్ అనే అరలో. మామూలు మనిషి ఆదేశం పేరు కొడితే యంత్రం మొదటి అర వెతికి ఊరుకుంటుంది, రెండోదాని జోలికి పోదు. కానీ అది తాళం కాదు, చిరునామా మొత్తం కొడితే ఎవరైనా పిలవొచ్చు. నిజంగా ఆపేవి అనుమతులు. అనుమతి లేనివాడు కళ్ళ ముందున్నా నడపలేడు. మరి దాచడమెందుకు? పైగా కొత్త సిస్టమ్స్‌లో ఈ రెండు అరలనూ కలిపేస్తున్నారు కూడా. ఇదీ ఆమె వాదన. వెనక బెంచీలో ఉన్న ఒకతను అదంతా మాస్టారి కాలం నాటి మడి అనీ, ఎస్‌బిన్‌ని దండెం మీద వేరుగా ఆరేస్తారనీ అన్నాడు. క్లాసు నవ్వింది. మాస్టారు కూడా నవ్వారు.

నవ్వయ్యాక, మీ ఆస్పత్రిలో అడ్మిన్ పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసమ్మా అని ఆయన అడిగారు. రెహానా వేళ్ళు మడిచింది. తను, మేనేజరు, ల్యాబ్‌లో ఇద్దరు, ఫార్మసీ కౌంటర్‌లో ఒకరు. ఫార్మసీలో అయితే మానిటర్ కింద కాగితం మీద రాసి అంటించి ఉంటుందని కూడా ఒప్పుకుంది. ఈసారి క్లాసు మరీ గట్టిగా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. కుర్చీ పక్కకు తిప్పుకున్నారు.

ఆయన చెప్పింది పదకొండేళ్ళ కిందటి సంగతి. ఏ సంస్థ అన్నది ఇక్కడ అనవసరం. ఆయన చూసే డివిజన్‌లో ముప్పై ఎనిమిది పల్లెటూరి సబ్‌స్టేషన్లు ఉండేవి. ఒక్కోదాని నుంచి నాలుగైదు ఫీడర్లు ఊళ్ళకు, పొలాలకు కరెంటు తీసుకుపోతాయి. లైన్ మీద పని చేసేవాడు స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ క్లియర్ అడుగుతాడు. ఆపరేటర్ బ్రేకర్‌తో ఆ ఫీడర్ తీసేసి, అంటే కరెంటు ఆపేసి, పుస్తకంలో టైము వేసి, ఒక నంబరు చెబుతాడు. లైన్‌మన్ పని ముగించి కిందికి దిగి, అదే నంబరు తిరిగి చెప్పి లైన్ క్లియర్ వాపసు ఇవ్వాలి. అప్పటిదాకా ఆ ఫీడర్‌లోకి మళ్ళీ కరెంటు వదలడం, అంటే ఛార్జ్ చేయడం, ఎవరూ చేయకూడదు. పై అధికారి ఫోన్ చేసి తిట్టినా చేయకూడదు. మధ్యలో ఆ కాసేపూ స్తంభం మీదున్నవాడి ప్రాణం కుర్చీలో ఉన్నవాడి చేతిలో ఉంటుంది. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టే వాళ్ళు ఫోన్‌లో దాని గురించి తప్ప మిగతావన్నీ మాట్లాడుకుంటారు.

ప్రతి సబ్‌స్టేషన్‌కూ ఒక కంప్యూటర్ ఇచ్చారు. ఆపరేటర్లలో చాలామంది కాంట్రాక్టు మనుషులు, ఆదేశాల పేర్లు కొట్టడం అలవాటు లేనివాళ్ళు. వాళ్ళ కోసం జకరయ్య గారు ఒక చిన్న మెనూ రాశారు. సంస్థ సొంత ఆదేశాలకు వేరుగా ఇలాంటివే రెండు అరలు ఉండేవి. మామూలు అరలో ఏ ఆదేశాలు ఉంటే వాటిని ఇంగ్లీషు అక్షర క్రమంలో చదివి, వరసగా నంబర్లు వేసి స్క్రీన్ మీద చూపించడమే మెనూ పని. ఒకటి అలారం, రెండు బ్యాటరీ, మూడు రీడింగ్. మూడు నొక్కి, ఫీడర్ నంబరు నొక్కి, ఎంటర్ కొడితే ఆ ఫీడర్ మీద లోడ్ ఎంత ఉందో కనపడుతుంది. అంతకుమించి ఆపరేటర్‌కు కంప్యూటర్‌తో పని లేదు. ఫీడర్ తీయడం, వేయడం గోడ పక్కన ప్యానెల్ మీద హ్యాండిల్‌తోనే.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, సమాచారం మోసే ప్రోగ్రామ్ రెండు రోజులకోసారి బిగుసుకుపోయేది. దాన్ని మళ్ళీ లేపే రీస్టార్ట్ ఆదేశం రెండో అరలో ఉంది, అంటే అడ్మినిస్ట్రేటర్ అరలో. ఆపరేటర్‌కు కనపడదు, కనపడినా అనుమతి లేదు. స్క్రీన్ తెల్లబోయిన ప్రతిసారీ వాళ్ళు డివిజన్ ఆఫీసుకు ఫోన్ చేయాలి, జకరయ్య గారు అక్కడి నుంచి లేపాలి. రోజుకు ఇరవై ఫోన్లు. ఒక వేసవిలో ఆయన ఈ బాధ వదిలించుకున్నారు. మెనూ రెండు అరలనూ చదివేటట్టు ఒక లైను మార్చారు. నడపడానికి అనుమతి కావాలి కాబట్టి ఆపరేటర్ లాగిన్‌కు రెండో అర మొత్తం మీద అనుమతి ఇచ్చారు. అప్పటికి ఆ అరలో ఉన్నది రీస్టార్ట్ ఒక్కటే. అర మొత్తానికి ఇచ్చినా ఒక్కదానికి ఇచ్చినా తేడా లేదనుకున్నారు. అక్షర క్రమంలో అది రీడింగ్ తరువాత వస్తుంది కాబట్టి నాలుగో నంబరు అయింది. పైన మూడూ ఎక్కడివక్కడే ఉన్నాయి. మర్నాటి నుంచి ఫోన్లు ఆగిపోయాయి. నెలవారీ మీటింగ్‌లో పెద్ద ఇంజనీరు ఆయన్ను లేపి నిలబెట్టి మెచ్చుకున్నారు. తరువాత రెండేళ్ళు ఆ లైను సంగతి ఎవరికీ గుర్తు లేదు. రాసినాయనకు కూడా.

రెండేళ్ళ తరువాత ఒక మంగళవారం ఉదయం పదింటికి విఠల్ అనే ఇంజనీరు హెడ్డాఫీసు నుంచి ఆయనకు ఫోన్ చేశాడు. గాలివానలకు లైన్లు పడిపోయినప్పుడు ఫీడర్లను ఒక్కొక్కటిగా ప్యానెల్ దగ్గరకు పోయి వేయడం ఆలస్యమవుతోందని, ఎక్కడి నుంచైనా ఛార్జ్ చేసే పనిముట్టు ఒకటి రాశాడు. అడ్మినిస్ట్రేటర్ల కోసం రాసేవి మామూలుగా ఎలా ఉంటాయో అదీ అలాగే ఉంది. నిజంగానే చేయమంటావా అని అడగదు. వాడేవాడికి ఏం చేస్తున్నాడో తెలుసన్న నమ్మకం మీద రాసింది. విఠల్ జాగ్రత్త గల మనిషి. అందుకే పెట్టేముందు అడిగాడు.

“సార్, రెండో అరలో పెడుతున్నాను. ఆపరేటర్లకు కనపడదు కదా?”

“కనపడదు. పెట్టెయ్,” అన్నారు జకరయ్య గారు.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ అర ఉన్నదే అందుకని ఆయనకు తెలుసు, విఠల్‌కూ తెలుసు, ఎక్కడి ఇంజనీరుకైనా తెలుసు. అక్కడ ఒక లైను మార్చి ఉందన్నది మాత్రం ఆ నిమిషంలో ఆయనకు తట్టలేదు. విఠల్ పదీ యాభైకి ముప్పై ఎనిమిది సబ్‌స్టేషన్లకూ ఒకేసారి పంపాడు.

చింతలమెట్ట సబ్‌స్టేషన్‌లో ఆ ఉదయం డ్యూటీ సింగరకొండది. నాలుగేళ్ళుగా అదే కుర్చీ. పదీ ముప్పై అయిదుకు జూనియర్ లైన్‌మన్ అంకాలు ఫోన్ చేశాడు. రెండో ఫీడర్ మీద తీగకు తీగను కలిపే జంపర్ ఒకటి తెగింది, కట్టాలి. అంకాలు సింగరకొండకు సొంత అక్క మొగుడు. ఆ రోజు వాళ్ళు మాట్లాడుకున్నవి తరువాత విచారణ కమిటీ కాగితాల్లోకి ఎక్కాయి కాబట్టి మాస్టారికి తెలుసు. పని తొందరగా తెమలాలి, ఇంటిదగ్గర మీ అక్క చేపల పులుసు పెట్టిందని అంకాలు అన్నాడు. నాకు గిన్నెడు పంపకపోతే మీ ఊరికి కరెంటు ఇయ్యను బావా అని సింగరకొండ అన్నాడు. ఇయ్యకురా బామ్మర్దీ, చీకట్లో నేనొక్కడినే తింటా అని అంకాలు అన్నాడు. సింగరకొండ రెండో ఫీడర్ తీసి, లైన్ క్లియర్ పదిహేడో నంబరు ఇచ్చాడు.

బ్రేకర్ తీశాక లైనును పూర్తిగా విడగొట్టే ఇంకో స్విచ్ ఉంటుంది. చింతలమెట్టలో రెండో ఫీడర్ మీద అది ఎనిమిది నెలలుగా బిగుసుకుపోయి ఉంది. బాగు చేయించమని మూడు ఉత్తరాలు పోయాయి. స్తంభం ఎక్కినవాడు పొరపాటున కరెంటు వచ్చినా భూమిలోకి పోయేలా తీగలకు తగిలించి నేలకు దించుకోవాల్సిన రాడ్లు ముగ్గురు లైన్‌మన్లకు ఒక జత ఇచ్చారు, ఆ రోజు అవి పక్క ఊళ్ళో ఉన్నాయి. ఇవన్నీ మాస్టారు ఒక్కొక్కటే చెప్పి, ఇవి నా తప్పులు కావు, అయినా చెప్పకపోతే సంగతి పూర్తి కాదు అన్నారు.

పదకొండు గంటలకు రీడింగులు రాయాలి. గంట గంటకూ నాలుగు ఫీడర్ల లోడ్ పుస్తకంలో ఎక్కించడం ఆపరేటర్ పని. దానికి వాళ్ళందరికీ ఒక పద్ధతి అలవాటయింది. మూడు ఒకటి ఎంటర్, మూడు రెండు ఎంటర్, మూడు మూడు ఎంటర్, మూడు నాలుగు ఎంటర్ అని ఆగకుండా కొట్టేస్తారు. అప్పుడు పెన్ను తీసుకుని తలెత్తితే నాలుగు రీడింగులూ కింద కింద వరసగా ఉంటాయి, చూసి రాసుకుంటారు. ఒక్కొక్కటీ కొట్టి, చూసి, రాసి, మళ్ళీ కొట్టడం కొత్తవాళ్ళ పని. తీసి ఉన్న ఫీడర్‌కు కూడా కొట్టాలి, సున్నా అని రాయాలి. మెనూను మళ్ళీ చదవడం అన్నది నాలుగేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చున్నవాడికి తట్టే ఆలోచన కాదు. పది నిమిషాల కిందట అందులో ఒక పేరు చేరింది. అక్షర క్రమంలో ఛార్జ్ అన్నది బ్యాటరీ తరువాత, రీడింగ్ కంటే ముందు వస్తుంది. మూడో నంబరు ఇప్పుడు ఛార్జ్. రీడింగ్ నాలుగుకు దిగింది.

ఒకటి, మూడు, నాలుగు ఫీడర్లు అప్పటికే ఛార్జ్ అయి ఉన్నాయి కాబట్టి వాటికేమీ కాలేదు. సింగరకొండ పెన్ను తీసుకుని తలెత్తేసరికి రీడింగులు ఉండాల్సిన చోట పూర్తయింది, పూర్తయింది అని నాలుగుసార్లు ఉంది. బ్రేకర్ పడిన చప్పుడు అతని చెవికి అప్పటికే చేరింది. లేచి ప్యానెల్ దగ్గరకు పరుగెత్తి హ్యాండిల్ తిప్పి తీసేశాడు. తరువాత అంకాలు ఫోన్‌కు ఫోన్ చేశాడు. అది చాలాసేపు మోగింది. ఎవరో రైతు ఎత్తాడు.

డివిజన్ ఆఫీసుకు కబురు పదకొండు ఇరవైకి వచ్చింది. జకరయ్య గారు తన గదిలోంచే చింతలమెట్ట స్క్రీన్ తెరిచి చూశారు. మూడో నంబరు ఎదురుగా ఏముందో చదవడానికి ఆయనకు ఎంతసేపూ పట్టలేదు. పన్నెండూ పావుకల్లా ముప్పై ఎనిమిది చోట్లా మెనూ మార్చారు. మామూలు అరలోవి పైన, ఒక గీత, గీత కింద అడ్మినిస్ట్రేటర్ అరలోవి. రీడింగ్ మళ్ళీ మూడో నంబరుకు వచ్చింది. ఛార్జ్ నాలుగుకు దిగింది, రీస్టార్ట్ అయిదుకు పోయింది. నాలుగును ఎవరూ ముట్టుకోవద్దని అన్ని సబ్‌స్టేషన్లకూ చెప్పించారు.

ఛార్జ్‌ను పూర్తిగా తీసెయ్యకుండా కిందికి ఎందుకు దించారని రెహానా అడిగింది.

“తీసేస్తే అది అక్కడికి ఎలా వచ్చిందని అడుగుతారు,” అన్నారు మాస్టారు. “కిందికి దించితే ఎవరూ ఏమీ అడగరు.”

ఇంకో మనిషి చచ్చిపోకూడదని మార్చాననడం నిజమేనని ఆయన అన్నారు. మర్నాడు పొద్దున కమిటీ వస్తుందని మార్చేటప్పుడు తెలుసుననడం కూడా నిజమేనన్నారు. ఆ రెండింటిలో ఏది ముందు తోచిందో ఇన్నేళ్ళుగా గుర్తు చేసుకోవాలని చూస్తున్నాననీ, దొరకలేదనీ అన్నారు.

కమిటీలో ముగ్గురు. కంప్యూటర్ అచ్చువేసిన చిట్టా వాళ్ళ ముందు ఉంది. పదకొండు గంటలకు ఛార్జ్ ఒకటి, ఛార్జ్ రెండు, ఛార్జ్ మూడు, ఛార్జ్ నాలుగు. సింగరకొండ తాను మూడే నొక్కానన్నాడు. అయితే నొక్కి చూపించమన్నారు. మూడు రెండు ఎంటర్ కొట్టాడు. రెండో ఫీడర్ రీడింగ్ వచ్చింది. మళ్ళీ కొట్టమన్నారు. మళ్ళీ రీడింగే వచ్చింది. నాలుగు ఎదురుగా ఛార్జ్ అని ఉందని, కీబోర్డు మీద మూడు పక్కన ఉండేది నాలుగేనని ఒక సభ్యుడు వేలితో చూపించాడు. సింగరకొండ ఆ కీబోర్డును చాలాసేపు చూశాడని మాస్టారు చెప్పారు. తరువాత, నా వేలే తప్పిపోయి ఉంటుంది సార్ అన్నాడు. చెయ్యి ఒక మీట పక్కకు జరిగితే ఫీడర్ నంబర్లు కూడా పక్కకు జరగాలి కదా, అవి ఒకటి రెండు మూడు నాలుగు అని సరిగ్గా ఎలా పడ్డాయని కమిటీలో ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న తట్టిన మనిషి ఆ గదిలో ఒకరే ఉన్నారు. కంప్యూటర్ విభాగం తరఫున హాజరై, కిటికీ పక్కన నిలబడి ఉన్నారు. నివేదిక పద్నాలుగు పేజీలు వచ్చింది. బిగుసుకున్న స్విచ్ గురించి ఒక పేరా, రాడ్ల గురించి ఒక పేరా, ఆపరేటర్ నిర్లక్ష్యం గురించి ఆరు పేజీలు. అందులో ఫోన్‌లో చేపల పులుసు గురించి మాట్లాడుకున్నది కూడా ఉంది. కమిటీ వెళ్ళిన వారానికి ఛార్జ్‌ను అన్ని మెనూల్లోంచీ తీసేశారు.

సింగరకొండ కాంట్రాక్టు మనిషి కాబట్టి తీసెయ్యడానికి పెద్ద కాగితాలు అక్కర్లేకపోయింది. పోలీసు కేసు రెండేళ్ళు నడిచింది, చివరికి కొట్టేశారు. అంకాలు భార్య రమణమ్మ పెద్దదినం నాడు తమ్ముణ్ణి గుమ్మం తొక్కనివ్వలేదు. వీధిలో నిలబడి ఉన్నవాణ్ణి, గిన్నెడు పులుసు పంపకపోతే కరెంటు ఇయ్యనన్నావంట గదరా అని మాత్రం అడిగి తలుపేసుకుంది. ఆ మాట ఊళ్ళో చాలాకాలం తిరిగింది.

ఇక్కడితో ఆయన ఆపేస్తారనుకున్నారు అందరూ. ఆపలేదు. నాలుగేళ్ళ తరువాత, ఉద్యోగం ముందే వదులుకున్నాక, ఆయన సింగరకొండను వెతుక్కుంటూ వెళ్ళారు. రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటున్నాడని తెలిసింది. గట్టు మీద రేకుల గది. సింగరకొండ ఆయన్ను గుర్తుపట్టాడు, మంచం మీద గోనె పరిచి కూర్చోబెట్టి, స్టవ్ మీద టీ పెట్టాడు. జకరయ్య గారు దారి పొడుగునా అనుకున్న మాటలన్నీ వదిలేసి, నువ్వు ఆ రోజు మూడే నొక్కావు సింగరకొండా, తప్పింది నీ వేలు కాదు అన్నారు. అర గురించి, మార్చిన లైను గురించి, విఠల్‌కు చెప్పిన జవాబు గురించి, పన్నెండూ పావుకు గీసిన గీత గురించి మొత్తం చెప్పారు. సింగరకొండ చివరిదాకా విన్నాడు. మధ్యలో ఒకసారి లేచి చెరువులో నీళ్ళకు గాలి పట్టించే చక్రాల మోటారు ఆగితే వేసి వచ్చాడు.

“నన్ను ఓదార్చాలని ఇంత దూరం వచ్చారు. సంతోషం సార్,” అన్నాడు. “కమిటీ ముందర నేను నా కళ్ళతో చూశాను గదా. మూడు నొక్కితే రీడింగే వచ్చింది. రెండుసార్లు వచ్చింది.”

ఆ మెనూను తానే మార్చానని జకరయ్య గారు మళ్ళీ చెప్పారు. సింగరకొండ తల ఊపాడు, చిన్నపిల్లవాడు చెప్పేదానికి పెద్దవాళ్ళు ఊపినట్టు. సంస్థకు ఉత్తరం రాస్తానన్నారు. రాయొద్దని అతను అనలేదు. అక్కకు మాత్రం ఈ మాట చేర్చొద్దని అడిగాడు. ఏడాది నుంచే ఇంట్లోకి రానిస్తోందనీ, పోయిన నెల అన్నం కూడా పెట్టిందనీ, ఇప్పుడు ఇది విప్పితే తప్పు తోసెయ్యడానికి ఇంకొకళ్ళను తెచ్చుకున్నాననుకుంటుందనీ చెప్పాడు. టీ గ్లాసు తీసుకుని, కడిగి, బోర్లించాడు. జకరయ్య గారు సంస్థకు ఉత్తరం రాశారు. ఫైలు మూసేశామని రెండు లైన్ల జవాబు వచ్చింది. ఇంకో ఉత్తరం రాశారు. దానికి జవాబు రాలేదు.

మడి అని నవ్వించినతను బల్ల మీదున్న కాగితాలను సర్దుకుంటున్నాడు, సర్దాల్సినవి ఏమీ లేకపోయినా. రెహానాను ఇప్పుడు ఆస్పత్రి ల్యాబ్‌లో ఇద్దరు, ఫార్మసీలో ఒకరు, వాళ్ళ వేళ్ళకు అలవాటైన వరసలు వెంటాడుతున్నట్టుంది. సోమవారం మేనేజరుకు ఏం చెప్పాలి మాస్టారూ, కలపడం కుదరదని చెప్పేయనా అని చివరకు అడిగింది.

మాస్టారు కుర్చీని మళ్ళీ స్క్రీన్ వైపు తిప్పుకున్నారు.

“కలపొద్దని నేను చెప్పనమ్మా,” అన్నారు. “కలిపితే, ఏ రోజు కలిపావో ఎక్కడైనా రాసి పెట్టుకో. నేను రాసుకోలేదు.”